పెరటి తోట: వంగ మొక్కపై అక్షింతల పురుగు

పెరట్లో నాలుగు వంగ మొక్కలుంటే ఇంటికి కూరకు లోటుండదు. అయితే పూతకు వచ్చే వేళకు ఆకులు జల్లెడలా మారిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆకులోని పచ్చదనాన్ని గీకి తిని, ఈనెలు మాత్రమే మిగిల్చేది అక్షింతల పురుగు. కాకర, టమాటా, బంగాళాదుంప మొక్కలనూ ఇది వదలదు.

చూడగానే మందు కొట్టాలనిపిస్తుంది. కాని అది మన పిల్లలకు కాయ కోసి వండిపెట్టే మొక్క. పైగా అక్షింతల పురుగుల్లో మేలు చేసేవి కూడా ఉన్నాయి. అవి పేనుబంకను తిని మొక్కను కాపాడతాయి. విషపు మందుకు మంచీ చెడూ తెలియదు. మేలు చేసే పురుగు చస్తే పేనుబంక పెరుగుతుంది. కనుక ముందు గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

కీడు చేసే పురుగు ఇటుక రంగులో ఉంటుంది. ఒంటిపై సన్నని నూగు ఉండడం వల్ల మెరవదు. నల్లని చుక్కలు 28 వరకు ఉంటాయి. దీని పిల్ల పురుగు పసుపు రంగులో, ఒళ్లంతా ముళ్లతో, ఆకు అడుగున మెల్లగా కదులుతుంది. మేలు చేసేది నూనె రాసినట్టు మెరుస్తుంది. చుక్కలు కొద్దిగానో, వంకర గీతలుగానో ఉంటాయి. దాని పిల్ల పురుగు నల్లగా, పొడవుగా ఉండి చురుకుగా పరుగెడుతుంది. రెండింటి గుడ్లూ పసుపు రంగులో గుంపుగానే ఉంటాయి. పక్కనే పేనుబంక ఉంటే ఆ గుడ్లను ముట్టుకోవద్దు. ఆకు గీకినట్టుంటే తీసివేయండి.

నివారణకు ఇలా చేయండి:

1. తెల్లవారగానే పురుగులు మందకొడిగా ఉంటాయి. సబ్బునీళ్లున్న పళ్లెం మొక్క కింద పెట్టి కొమ్మలను దులపండి. చేత్తో ఏరితే అవి పసుపుపచ్చని ద్రవం కారుస్తాయి. తరువాత చేతులు కడుక్కోండి.

2. గుడ్లు, పిల్ల పురుగులు ఉన్న ఆకులను తుంచి అదే నీళ్లలో వేయండి. అయితే గోధుమరంగుకు తిరిగి, ఎండినట్టు ఆకుకు అతుక్కున్న పిల్ల పురుగులను వదిలేయండి. వాటిలో చిన్న కందిరీగ జాతి పురుగు పెరుగుతూ ఉంటుంది. అది బయటికి వచ్చి మరిన్ని పిల్ల పురుగులను చంపుతుంది. చిక్కుడు జాతి పైర్లపై ఇలాంటి పెంకు పురుగును అదుపు చేయడానికి 1966లో అమెరికావారు ఈ కందిరీగను మన దేశం నుంచే తీసుకువెళ్లారు.

3. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టండి. మూటను పిండి, వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం ఆకుల అడుగు భాగం తడిసేలా చల్లండి. ఎండకు దీని శక్తి తగ్గుతుంది. పురుగు వెంటనే చావదు. ఆకు తినడం మాని, ఎదగలేక పోతుంది. వారం, పది రోజులకు మరోసారి చల్లండి.

4. కాపు అయిపోయిన మొక్కలను పీకివేయండి. చుట్టూ మొలిచే కామంచి మొక్కలను కూడా తీసివేయండి. మరుసటి పంటకు అదే మడిలో వంగ, టమాటా కాకుండా బెండ గాని, ఆకుకూర గాని వేయండి.

రోజూ పది నిమిషాలు ఆకులు తిప్పి చూస్తే చాలు. పురుగు పదుల్లో ఉన్నప్పుడే పట్టుకోగలుగుతాం.