గొంతు ఉంది, పేరేదీ?

ఇయర్‌ఫోన్స్ దగ్గరుంటే మోబీ ‘నేచురల్ బ్లూస్’ ఒకసారి పెట్టండి. బీట్ కంప్యూటర్‌ది. గొంతు మాత్రం చాలా పాతది. బాగా అలసిపోయి, ఇక దాచుకోలేక బయటికి వచ్చేసినట్టు ఉంటుంది. ఆ గొంతు వీరా హాల్‌ది.

ఆమెది అమెరికాలోని అలబామా. ఇళ్లల్లో వంట చేసి, బట్టలుతికి బతికిన నల్లజాతి మహిళ. ఊరూరా తిరిగి జానపదాలు సేకరించే అలన్ లోమాక్స్ 1959లో ఆమె పాట రికార్డు చేశారు. వాద్యాలేమీ లేవు, ఒట్టి గొంతే. 1964లో ఆమె చనిపోయింది. 1999లో మోబీ ఆ గొంతుని ముక్కలు చేసి, లూప్‌లో తిప్పి, కింద బీట్ పరిచి ‘ప్లే’ ఆల్బమ్‌లో పెట్టాడు. ఆల్బమ్ సూపర్ హిట్. అందులోని పాటలన్నీ సినిమాలకీ, టీవీకీ, యాడ్స్‌కీ వెళ్లాయి.

నాకు ఆ పాటంటే ఇష్టం. మోబీ లేకపోతే వీరా హాల్ పేరు నా దాకా వచ్చేదే కాదేమో. కానీ అందరూ దాన్ని ‘మోబీ పాట’ అనే అంటారు. తన గొంతు మీద ప్రపంచం డాన్స్ చేసిందని ఆమెకి తెలియనే తెలియదు. సరే అనడానికీ, వద్దనడానికీ ఆమె లేదు.

ఇప్పుడా పని మీ ఫోన్‌లోనే అయిపోతోంది. పాత పాటలోంచి గొంతుని విడదీసే యాప్‌లు బోలెడు. మన చట్టం ప్రకారం రికార్డింగ్ మీద కాపీరైట్ అది విడుదలైన 60 ఏళ్లకి ముగుస్తుంది. అలాగని అంతా ఫ్రీ అనుకోకండి. సాహిత్యానికీ, బాణీకీ లెక్క వేరు: రాసినవాళ్లు, కట్టినవాళ్లు పోయాక ఇంకో 60 ఏళ్లు. పాడినవాళ్లకి ‘ఇది నా గొంతు, నా పేరు వేయండి’ అని అడిగే హక్కుని 2012 సవరణ ఇచ్చింది. అడగడానికి మనిషి ఉండాలి కదా! లేనివాళ్ల తరఫున గుర్తుపెట్టుకోవాల్సింది మనమే.

అందుకే రీమిక్స్ చేసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్క మాట. పాడినవాళ్ల పేరు మీ పేరు పక్కనే, అదే సైజులో వేయండి. ఏ ఊరో, ఏ ఏడాదో తెలిస్తే అదీ రాయండి. కత్తిరించే ముందు అసలు పాటని మొదట్నుంచి చివరిదాకా ఒకసారి వినండి. ఆ మనిషి ఏ బాధ చెప్పుకుంటోందో తెలిశాక, డ్రాప్ ఎక్కడ పెట్టాలో తీరిగ్గా చూసుకోవచ్చు.