కాపలా ఎవరికి? ఎవరి మీద?

'అసాంఘిక కార్యకలాపాలు' అన్న మాట మన దినపత్రికల్లో ఎప్పటినుంచో ఉంది. అది చదవగానే ఎవరికైనా తట్టేది పేకాట, సారా, అన్నిటికంటే ముందు వ్యభిచారం. పెళ్లాన్ని వీధిలోకి ఈడ్చి కొట్టే మొగుడు గానీ, పనిమనిషి జీతం ఎగ్గొట్టే యజమాని గానీ ఆ మాట కిందికి రారు. పోలీసులూ కాలనీ సంక్షేమ సంఘాలూ చేయి కలిపి అసాంఘిక శక్తుల పనిపడతామంటున్నప్పుడు, ఆ మాటకి అర్థం చెబుతున్నదెవరని మనం అడగాలి.

ఎందుకంటే ఈ ముద్ర ఎంత పని చేస్తుందో మనకు తెలుసు. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీపై పోలీసులే అత్యాచారం చేసి, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ని కొట్టి చంపారు. ఆ తర్వాత వాళ్లు పట్టుబట్టి నిరూపించాలని చూసింది ఆమె వేశ్య అని! జస్టిస్ ముక్తదర్ కమిషన్ నేరం పోలీసులదేనని తేల్చినా, 1981లో రాయచూరు కోర్టు వాళ్లని వదిలేసింది. హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టి, ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకుపొమ్మన్న నిజాం కాలపు చట్టమైతే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా చట్టాల్లో బతికే ఉంది.

ఇక కొండాపూర్ సంగతి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ ప్రాంతం రూపే మారిపోయింది. ఎత్తయిన అపార్ట్‌మెంట్లు, వాటికి గేట్లు, గేట్ల దగ్గర దూరాల నుంచి పొట్టచేత పట్టుకొచ్చిన గార్డులు. కాస్త దూరంలో సిద్ధిఖ్‌నగర్, అంజయ్యనగర్ లాంటి ఇరుకు బస్తీలు. సందుసందుకీ లేడీస్ హాస్టళ్లు. పోలీసులకూ కొదవ లేదు, ఎనిమిదో బెటాలియన్ ఉన్నదే ఇక్కడ.

2018 జనవరి 30న ఇక్కడి బొటానికల్ గార్డెన్ దగ్గర గోనె సంచుల్లో ఒక గర్భిణి శవం ముక్కలుగా దొరికింది. బతుకుతెరువుకు బీహార్ నుంచి వచ్చిన వాళ్ల మధ్య, సిద్ధిఖ్‌నగర్లో ఉన్న స్త్రీ. ఆమె ఎవరో తేల్చడానికే రోజులు పట్టింది. సీసీ కెమెరాల్లో కనిపించిన మోటారు సైకిలు చివరికి హంతకులను పట్టిచ్చింది. పోలీసుల శ్రమని తక్కువ చేయక్కర్లేదు. కానీ కెమెరా నోరు విప్పింది ఆమె శవమయ్యాక. గర్భిణి నాలుగు రోజులు కనిపించకపోతే ఎక్కడికెళ్లిందని తలుపు తట్టి అడిగే ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో, ఇరుగమ్మో పొరుగమ్మో ఉండాలి కదా! కమ్యూనిటీ అంటే మా దృష్టిలో అది. 'నేను సైతం' అని చందాలు పోగుచేసి కెమెరాలు బిగిస్తే వచ్చేది కాదు.

జరిగిన మంచిని కాదనం. 2013 అక్టోబరులో మాదాపూర్ నుంచి ఒక ఐటీ ఉద్యోగినిని కారులో ఎత్తుకుపోయి అత్యాచారం చేసిన 'అభయ' కేసు నగరాన్ని కుదిపేసింది. ఏడాది తర్వాత, 2014 అక్టోబరు 24న షీ టీమ్స్ వచ్చాయి. బస్టాపుల్లో వేధింపుల గురించి ఫిర్యాదు చేస్తే కదిలి వచ్చే పోలీసులున్నారన్న ధైర్యం ఎందరో ఆడపిల్లలకు కలిగింది. కంపెనీలూ పోలీసులూ కలిసి పెట్టుకున్న భద్రతా మండలి ఐటీ ఉద్యోగినుల కోసం షటిల్ బస్సులు నడిపింది. అవసరమే. అయితే తెల్లారకముందే అంట్లు తోమడానికి చీకటి సందుల్లో నడిచి వచ్చే స్త్రీ ఏ మండలి లెక్కలో ఉంది? ఆమెకు కావలసిన వీధిదీపం ఎవరి ఎజెండా? గేటు దగ్గర ఆమె ఫోటో తీసుకుంటారు, ఆధార్ అడుగుతారు, వెళ్లేటప్పుడు సంచి వెతుకుతారు. కమ్యూనిటీ పోలీసింగ్ ఆమెకు పరిచయమయ్యేది అనుమానితురాలిగానే.

ఆ అనుమానం స్టేషన్ దాకా వెళితే ఏమవుతుందో షాద్‌నగర్ చూపించింది. 2024 జులైలో, పొరుగింటివాళ్లు బంగారం పోయిందని ఫిర్యాదు చేస్తే, అప్పటి సైబరాబాద్ కమిషనరేట్ పరిధిలోని ఆ స్టేషన్లో ఒక దళిత స్త్రీని చిత్రహింసలు పెట్టారు. ఆగస్టులో ఇన్‌స్పెక్టర్నీ, అయిదుగురు కానిస్టేబుళ్లనీ సస్పెండ్ చేశారు.

2019 నవంబరు 27 రాత్రి 'దిశ' కుటుంబం స్టేషన్‌కి పరిగెత్తితే, మా పరిధి కాదన్న జవాబు వచ్చింది. పది రోజులు తిరక్కుండా, డిసెంబరు 6న నలుగురు నిందితులను చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపారు. పోలీసుల మీద పూలు చల్లిన జనంలో స్త్రీలూ ఉన్నారు. ఎదురుకాల్పుల కథ నమ్మదగింది కాదని, పది మంది పోలీసులపై హత్య కేసు నడపాలని సిర్‌పుర్కర్ కమిషన్ చెప్పిన సంగతి 2022 మే నెలలో బయటికొచ్చింది. ఫిర్యాదు తీసుకోని ఆ రాత్రి మాత్రం పూల కింద కప్పడిపోయింది.

వీటన్నిటికీ భిన్నమైన అనుభవం కూడా మనకుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలతో మొదలై ఊరూరా పాకిన సారా వ్యతిరేక పోరాటంలో, అసాంఘిక శక్తి ఎవరో తేల్చింది స్త్రీలే. సారా కాంట్రాక్టరూ, వాడికి కొమ్ముకాసే అధికారీ. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఇవాళ బస్తీ స్త్రీని అడగండి, ఆమె చెప్పేది వైన్‌షాపు పక్కన పర్మిట్ రూము గురించి, దాని ముందునుంచి ఇంటికెళ్లాల్సిన కూతురి గురించి. ఆ షాపుకి లైసెన్సు ఇచ్చింది ప్రభుత్వమే. ఏ కమిటీ దాన్ని అడుగుతుంది?

పోలీసులు పిలిచే కమిటీల్లో మన సంఘాలు కూర్చోవాలా వద్దా అన్న చర్చ మిత్రుల మధ్య నడుస్తూనే ఉంది. వద్దంటే ఆ కుర్చీలు అపార్ట్‌మెంట్ల సంఘాలకీ, స్థానిక పెద్దలకీ వదిలేసినట్టే. వెళ్లాలనే మా అభిప్రాయం. అయితే ఊరికే తల ఊపడానికి కాదు. ఇంటిపనివారు, హాస్టల్ అమ్మాయిలు, వలస కూలీ స్త్రీలు, హిజ్రాలు సభ్యులుగా ఉంటేనే మనమూ ఉంటామని చెప్పాలి. పరిధి కాదని ఎన్ని ఫిర్యాదులు తిప్పి పంపారో, ఎన్ని జీరో ఎఫ్ఐఆర్లు రాశారో ప్రతి సమావేశంలోనూ అడగాలి. పార్కుల్లో కూర్చున్న జంటలను పట్టుకోవడం స్త్రీల రక్షణ కాదని అక్కడే చెప్పాలి. పోలీసులపై ఫిర్యాదులు వినే అథారిటీలు జిల్లాస్థాయిలో కూడా ఉండాలని సుప్రీంకోర్టు 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో ఆదేశించింది. ఆ సంగతి తెలుగులో రాసి స్టేషన్ గోడకి అంటించమని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

ఇంకొకటి. సమావేశాలు ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో పెడితే, ఆ వేళకి మన స్త్రీలు పై అంతస్తుల్లో గిన్నెలు తోముతూ ఉంటారు. మధ్యాహ్నం మూడు గంటలకి, బస్తీ అంగన్‌వాడీలో పెట్టమనండి.