కడలినాచు – ఎండ వ్రాసిన చిత్తరువు

పూవునైనను, కడలినాచునైనను చిత్రించుటకు కెమేరాయే యక్కఱలేదని యొక యాంగ్లవనిత చూపెను. ఆమె అన్నా అట్కిన్స్ (1799–1871). ఇనుపలవణములు పూసి చీకటిలో నారబెట్టిన కాగితముపై నాచు నుంచి, అద్దము గప్పి, యెండలో బెట్టి, పిమ్మట నీట గడిగెను. వెలుగు సోకినచోట నీలమాయెను. నాచు నీడ తెల్లగా నిలిచెను. 1843లో నారంభించిన యా గ్రంథము 1853లో ముగిసెను. ఛాయాచిత్రములతో వెలసిన మొదటి పుస్తకముగా దానినే యెన్నుదురు.

కాని యందామె వ్రాసికొన్నవి 'ఏ. ఏ.' యను పొడియక్షరములే! తరువాత నవి 'పేరులేని యౌత్సాహికుని' గుఱుతని పొరబడినవారును గలరు.

మా అత్తగా రల్లిన తోరణములపై నామె పేరు లేదు. ఏవి యామెవో నేడు మేమే పోల్చజాలకున్నాము. కావున, అమ్మలారా, మీరు దీసిన పూలచిత్రముల వెనుక పూవు పేరు, తేదీతో బాటు మీ పేరును పూర్తిగా వ్రాయుడు.