పొయ్యిలో ఏం మండుతోంది?

విమల ‘వంటిల్లు’ కవిత గురించి మనం ఎంత మాట్లాడుకున్నాం! పొయ్యి దగ్గర ఎవరున్నారని అడిగాం. పొయ్యిలో ఏం మండుతోందని అడగలేదు. నేనూ అడగలేదు.

భూగోళం వేడెక్కుతోందనగానే ఇంధనం సంగతి ఇంజనీర్లకు వదిలేస్తాం. సోంపేట ఆడవాళ్ళు వదల్లేదు. 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం తమ బీలను మింగబోతే అడ్డం నిలబడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అనుమతిని రద్దు చేసింది. వాళ్ళు కాపాడుకున్నది తమ నీళ్ళు, చేపలు, పంటలు. మండకుండా ఆగిన బొగ్గు లోకమంతటికీ మేలు.

అదే శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కర్బనం లేని కరెంటు పేరుతో ఆరు అణు రియాక్టర్లు తలపెట్టారు. బొగ్గు పోవాల్సిందే. కానీ దాని బదులు వచ్చేదీ మత్స్యకారుల ఊళ్ళనే ఖాళీ చేయమంటే మారింది ఇంధనమే, పెత్తనం కాదు. సౌర విద్యుత్తుకూ ఇదే ప్రశ్న: ఎవరి భూమిలో? ఎవరినడిగి?

కట్టెల పొగ మింగే స్త్రీకి గ్యాస్ బండ అందించకుండా భూతాపం పాఠాలు చెప్పేవారిని నేను నమ్మను. కాదనగలిగినప్పుడే అది ఎంపిక. ఆ కాదనే హక్కు గురించి రాయడం మన పనే.