గోగు తేనీరు: నార పంట నుంచి కాదు, గట్టు మీది మొక్క నుంచి

ఎచ్చెర్ల మండలం గల శ్రీకాకుళం జిల్లాలోనూ, పొరుగున ఉన్న విజయనగరంలోనూ గోగు ప్రధానంగా నార పంట. నారకు పండించే పుల్ల గోగు జాతిలోనే కండగల ఎర్రని రక్షక పత్రాల రకం ఒకటున్నది, అదే రోజెల్. చైనీయులు దీనిని చలువ పానీయంగా సేవిస్తారు.

ఎండిన రక్షక పత్రాలు 2 గ్రాములు గ్లాసుడు మరిగిన నీటిలో వేసి, మూతపెట్టి, 10 నిమిషాల తరువాత వడగట్టాలి. చైనీయులు ఎండు నారింజ తొక్క, కలకండ చేర్చుతారు. ఇక్కడ శొంఠి, బెల్లం చాలు. పులుపు వలన అల్యూమినియం పాత్ర పనికిరాదు.

ఈ తేనీటిని అదనపు ఆదాయ మార్గంగా చూపేటప్పుడు ఒక పొరపాటు జరుగరాదు. నార గోగును సగం మొక్కలు పూతకు వచ్చినప్పుడే కోయాలి. రక్షక పత్రాలు కండపట్టడానికి పూత తరువాత సుమారు మూడు వారాలు పడుతుంది. అప్పటికి నార ముదిరి గరుకెక్కుతుంది. ఒకే మొక్క నుంచి రెండూ ఆశించిన రైతు రెండింటా నష్టపోతాడు. కనుక రోజెల్‌ను గట్లపైన, పెరటిలో వేరుగా వేయించడమే విస్తరణ శాస్త్రవేత్తల సలహా కావాలి.

రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు సేవించినవారిలో రక్తపోటు కొంత తగ్గినట్లు 2010లో అమెరికా పరిశోధన ఒకటి తెలిపింది. అయినను దీనిని పానీయంగానే అమ్మించాలి, మందుగా కాదు.