ఆకుపచ్చ చుక్క ఉంటే చాలా?

కోదాడ మీదుగా హైదరాబాదు వెళ్లేటప్పుడు పిల్లలు వెజ్ బర్గర్ అడుగుతారు. శాకాహారులు దాన్ని నిశ్చింతగా తినవచ్చా? అడిగి తినడమే మంచిదని మా అభిప్రాయం.

అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ఆలూ ఫ్రైస్‌లో గొడ్డుమాంసం నుంచి తీసిన రుచి పదార్థం ఉందని తెలిసి, 2001లో శాకాహారులు కోర్టుకెక్కారు. 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. మన దేశంలో ఆ సంస్థ గొడ్డు, పంది మాంసాలు అమ్మదు; శాకాహారం విడిగా వండుతుంది. అన్ని దుకాణాలూ అలా చేస్తాయనుకోవద్దు. చికెన్ వేయించిన నూనెలోనే ఆలూ వేస్తున్నారా అని అడగండి.

పాలు, వెన్న కూడా ముట్టని వీగన్లకు ఆకుపచ్చ చుక్క చాలదు. చీజ్ ఉన్నా ఆ చుక్క ఉంటుంది.

బీపీ, షుగరు ఉన్నవారు గుర్తుంచుకోండి: వెజ్ అయినంత మాత్రాన ఉప్పు, నూనె తగ్గవు. అడగడానికి మొహమాటపడకండి.