పెంచవలసినది శక్తి కాదు, నిలుపవలసినది సమత

"రోగనిరోధక శక్తిని పెంచును." ఏ లేహ్యపు సీసా త్రిప్పి చూచినా ఈ మాట కనిపిస్తుంది. నేనూ ఏళ్ల తరబడి ఈ మాటనే వాడినాను. మా మేనకోడలికి లూపస్ వ్యాధి అని తేలిన తరువాత విడిచిపెట్టినాను. ఆ వ్యాధికి మూలం శక్తి చాలకపోవడం కాదు. ఆ శక్తి దారి తప్పి స్వంత దేహం మీదనే తిరగబడడం.

మన రక్తంలో బి కణాలు కలవు. ఒక్కొక్క కణం ఒక్కొక్క రకపు ప్రతిరక్షకాన్ని మాత్రమే తయారు చేయగలదు. క్రిమికి సరిపోయిన కణమే ఎన్నికై వృద్ధి చెందుతుందని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్ 1957లో ప్రతిపాదించినాడు. క్రిమి ప్రవేశించగానే లింఫు గ్రంథులలో, ప్లీహంలో ఈ కణాల మధ్య పోటీ మొదలవుతుంది. క్రిమిని గట్టిగా పట్టగలిగిన కణానికే సహాయక టి కణాల తోడ్పాటు అధికంగా లభిస్తుంది. తోడ్పాటు దొరకనిది నశిస్తుంది.

క్రిమి లేని రోజులలో సైతం పోటీ ఆగదు. బి కణాలు బ్రతకడానికి బాఫ్ అనే ప్రోటీను కావలెను. దేహం దానిని పొదుపుగానే అందిస్తుంది. స్వంత దేహాన్ని శత్రువుగా ఎంచే కణాలకు అది మరింత అవసరం. కనుక ఆ కొరతలో అవే ముందుగా రాలిపోతాయి. బాఫ్ మితిమీరితే అవీ బ్రతికిపోతాయి. ఎలుకలలో అట్లు అధికం చేయగా లూపస్ వంటి వ్యాధి కలిగినది. బాఫ్‌ను అడ్డగించే బెలిముమాబ్ అనే మందును లూపస్ చికిత్సకు అమెరికా 2011లో అనుమతించినది. ఇక్కడ మందు చేసే పని అణచడమే గాని పెంచడం కాదు.

మా పొరుగింటావిడ "త్రాగమ్మా, ఒంట్లో శక్తి పెరుగుతుంది" అంటూ ప్రేమతోనే తిప్పతీగ కషాయం తెచ్చి ఇచ్చినది. నేనే వద్దన్నాను. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించినారు. ఆయుష్ మంత్రిత్వశాఖ దానితో విభేదించినది. వివాదం ఎట్లు ఉన్నా, రోగి దేహాన్ని పరీక్షకు పెట్టరాదు గదా!

దోషాల సమస్థితియే ఆరోగ్యమని మన ఆయుర్వేదమే చెప్పుచున్నది. వంటింటి మిరియాల చారు, పసుపు పాలు ఉండనిండు. లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం వంటివి ఉన్నవారు మాత్రం వైద్యునికి తెలుపకుండా ఏ శక్తివర్ధకాన్నీ సేవించరాదు. వాడుతున్న మాత్రలు మానరాదు.